ముల్లు

మంగళవారం కోర్టు. అందుకే సోమవారం
నా షెడ్డు ముందు బండ్లు బారులు తీరతాయి.
ర్యాష్ డ్రైవింగ్ సమన్లు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని
నత్తల్లా నడుపుకుంటూ వస్తారందరూ.
బ్రేకులు చూడమని కాదు, ఆయిలు మార్చమని కాదు,
మా మీటరు అబద్ధాలకోరని
కాగితం రాసిమ్మని.

ఈ వర్జీనియా కొండల్లో
ఎనభై అయిదు మైళ్ళు దాటితే అది చలానా కాదు, నేరం.
ఏడాది దాకా జైలు రాయొచ్చు, రెండున్నర వేల డాలర్లు రాయొచ్చు,
లైసెన్సు లాక్కుని బల్ల సొరుగులో వెయ్యొచ్చు.
ఆపైన ప్రతి ఉద్యోగం దరఖాస్తులోనూ ఓ చిన్న గడి,
చచ్చేదాకా టిక్కు పెడుతూ ఉండాలి.

లాయరు రెక్స్‌రోడ్ దగ్గర నాలుగైదు తాళంచెవులుంటాయి.
రాడారును సరిచూసే శృతిదండాన్ని
ఆర్నెల్లలోపు పరీక్షించారా? కాగితమేది?
పక్క లేన్లో పోయే లారీ వేగం కాదు గదా అది?
ఆసుపత్రికి పోతున్నావా, ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా?
ఏ తాళమూ తిరక్కపోతే అప్పుడు
"ఎల్డన్ షెడ్డుకి పోయిరా" అంటాడు.
మీటరు ఆరు తక్కువ చూపిస్తోందంటే
నేరం కాస్తా పొరపాటయ్యే దారుంది,
జరిమానా కట్టి ఇంటికి పోవచ్చు.
ముల్లును ముల్లుతోనే తియ్యడమంటే ఇదే.

మార్చిలో డార్లా పఫెన్‌బార్గర్ వచ్చింది.
స్కూలు బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా
ఆ పసుప్పచ్చ బస్సులో ముప్పై అయిదు దాటని కాలు.
రాత్రి పదకొండింటికి, సొంత పికప్పులో, ఖాళీ రోడ్డు మీద,
చర్చి దిగువ వాలులో
తొంభై ఒకటి.
ఎందుకని నేనడగలేదు. తనూ చెప్పలేదు.

బండిని రోలర్ల మీదికెక్కించి తిప్పాను.
ముప్పైకి ముప్పై. అరవైకి అరవై.
తొంభై దగ్గర ముల్లు
బైబిలు మీద చెయ్యేసినట్టు నిలబడింది.
నలభై ఏళ్ళ పనిలో ఇంత నిజాయితీ గల మీటరు చూళ్ళేదు,
ఇంతగా అసహ్యించుకున్న మీటరూ లేదు.

"అయిదు తక్కువని రాయవా, ఎల్డన్?"

మంచు కురిసే సాయంత్రాల్లో మా అమ్మాయిని గేటు దగ్గర దింపి
వంటింట్లో దీపం వెలిగేదాకా కదలని బస్సు తనది.
ఆ బాకీ ఎంతో నాకు తెలుసు. పెన్ను మూత తీశాను.
ఎంతసేపు పట్టుకున్నానో, మొన దగ్గర సిరా ఆరిపోయింది.
మళ్ళీ గీకి, రాజేసి,
తేడా సున్నా, అని రాశాను.
తను చదివింది. నలభై డాలర్లు
ఒక్కొక్క నోటే బల్లమీద పెట్టి వెళ్ళింది.

కోర్టులో పోలీసు శృతిదండం కాగితం చూపించాడట,
తారీఖూ సంతకమూ అన్నీ ఉన్నాయి.
ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగిందట.
"మీటరు బాగానే ఉంది, యువరానర్. కాలిదే తప్పు."

రెండు వారాంతాలు జైలు. ఆర్నెల్లు లైసెన్సు లేదు.
పాత రికార్డు శుభ్రంగా ఉంది కాబట్టి ఇంతే, అన్నాడు రెక్స్‌రోడ్,
ఫైలు మూస్తూ.
బస్సు తాళాలు ఇంకెవరి చేతికో పోయాయి.
అలిసిపోయానని చెప్పుకునే సెక్షను
ఏ పుస్తకంలోనూ లేదు.

శుక్రవారం సాయంత్రం జైలుకు తనని నేనే తీసుకెళ్ళాను.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. అందులో దువ్వెన, మందుబిళ్ళలు.
చర్చి దాటాక "ఇక్కడే" అంది.
వాలు మొదలైంది. కింద లోయ నిండా దీపాలు,
ముందు ఒక్క బండి లేదు,
రోడ్డు నల్లటి నీళ్ళలా జారుతోంది.
నేనడగని ప్రశ్నకి జవాబు అక్కడే ఎక్కడో ఉంది.
నా పాదం దానంతటదే బరువెక్కింది.

"ఎల్డన్," అంది,
వెనక సీట్లో అల్లరి పిల్లాణ్ణి
అద్దంలో చూసి పిలిచే గొంతుతో.
"ముల్లు చూసుకో."